మామను మరవనివ్వని అత్త

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా మేనత్త పోయింది. పెరంబూరులో, తన ఇంట్లో, నిద్రలోనే. ఫోన్ చేసిన అత్త కోడలు ఆ మాట చెప్పి, వెంటనే గొంతు తగ్గించి, మామకెలా చెప్పాలో తెలియడం లేదంది. చెప్పినా ఆయనకు అర్థమవుతుందా అని వాళ్ల అనుమానం.

దానికి కారణం ఉంది. నాలుగేళ్ల కిందట మామ ప్రతిదాన్నీ "అదు" అనడం మొదలుపెట్టాడు. అదు తెమ్మంటే ఒకరోజు చెంబు, ఇంకోరోజు కళ్లజోడు. అరవంలో అదు అంటే అది. అరవనాట ఉన్న మా ఇళ్లలో సగం మాటలు అరవమే కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. రిటైరయ్యాక రైల్వే వర్క్‌షాప్ భాష ఇంటికొచ్చిందని నేనే ఎగతాళి చేశాను. అత్త నవ్వలేదు.

"అరవం కాదురా అది. మీ మామకి మాటలు పోతా ఉండాయి" అంది.

ఆమె పోరు పడలేకే స్కాన్ తీయించారు. ఏళ్ల తరబడి వదిలేసిన బీపీ, దానికి తోడు షుగర్, మెదడులోని సన్న రక్తనాళాలను దెబ్బతీశాయని డాక్టరు చెప్పారు. పోయింది తిరిగొస్తుందని మాట ఇవ్వలేనన్నారు. గుండెను కాపాడే మందులు, తిండి, నడక మెదడుకూ మేలు చేస్తాయని, మిగిలినదాన్ని చాలావరకు నిలుపుకోవచ్చని అన్నారు. మేం మొదటి సగం విని దిగులుపడ్డాం. అత్త రెండో సగం పట్టుకుంది.

మరునాడే ఊరమిరపకాయలూ అప్పడాలూ డబ్బాలతో సహా నాకిచ్చేసింది. నెల తిరక్కుండా నన్నూ లాక్కెళ్లి బీపీ చూపించి, ఆ డబ్బాలు వెనక్కి తీసుకుంది. మామ చేత సిగరెట్లు మాన్పించింది. ఆ పది రోజులు ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. పొద్దున్నే నడకకు తీసుకుపోయేది. ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనుక. ఏ వీధిలో తిరగాలో ఆయనే చూసుకోవాలి. ఒకసారి తప్పు సందులో దూరితే, ఆయనంతట ఆయన తెలుసుకుని వెనక్కి తిరిగేదాకా నోరెత్తకుండా వెంట నడిచింది. నాకంత ఓర్పు లేదు. ఆయన తడుముకుంటుంటే మాట అందించేసి, ఆమె చేత చీవాట్లు తినేవాణ్ణి.

ఇంత చప్పిడి తిండి పెడితే మామ నీ పేరు కూడా మరిచిపోతాడని ఒకసారి ఉడికించాను.

"పేరేముందిరా, యాభై ఏళ్లుగా ఏమే అనే గదా పిలిచింది. నన్ను మరవకుంటే చాలు" అంది.

ఆమె ఎంత భయపడుతోందో నాకు అప్పుడు తెలిసింది.

మామ పూర్తిగా బాగుపడలేదు. ఇప్పటికీ తేదీలు తప్పుతాడు. కానీ మతి జారడం దాదాపు ఆగిందని డాక్టరన్న రోజు, అత్త ఆసుపత్రి మెట్ల మీదే నా వీపున ఒకటి చరిచింది. ఆ సంతోషం నా వీపు మీద చాలాసేపు మండింది.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. ఎవరో పెద్దామె, పాపం ఆయనకు తెలియకపోవడమే మేలు అంటోంది. మామ గోడ పట్టుకుని లోపలినుంచి వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు. ఆమె మెడలోని చేమంతి దండ తీసి పక్కన పెట్టాడు.

"ఈమెకి చేమంతి వాసన పడదు. తలనొప్పొస్తుంది. మీకెవరికీ తెలీదా?"

తరువాత నన్ను పేరు పెట్టి పిలిచి, "మీ అత్త పోయిందిరా" అని భోరుమన్నాడు.

అందరూ ఓదార్చడానికి లేచారు. నేను లేవలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. గెలిచావత్తా అనుకున్నాను. వచ్చినవాళ్లలో కొందరి పేర్లు మామకు తట్టలేదు. అయినా సాయంత్రం ఆమెను తీసుకుపోయేదాకా, ఆమె చేయి తన ఒళ్లో పెట్టుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆమె గురించి చెబుతూనే ఉన్నాడు.