ప్రూఫక్క నొక్కని ‘అవును’

ఇరవై రెండేళ్లు యూనివర్సిటీ ముద్రణాలయంలో తప్పులు వెతికిన ఆమెను అందరూ ప్రూఫక్క అనేవారు. అచ్చు కాగితాన్ని ఆమె గుండెదడతో చదివేది. ఒకప్పుడు మందుల పుస్తకంలో దశాంశ బిందువొకటి ఆమె చూపు కిందనుంచి జారిపోయింది. కట్టలు లారీ ఎక్కకముందే ఎవరో పట్టుకున్నారు గానీ, ఆ బిందువు ఇప్పటికీ ఆమె కలల్లో నల్లగా మెరుస్తుంది.

ముద్రణాలయం మూతపడింది. ఆమెనూ, అక్కడే పుస్తకాలు కుట్టే బైండింగు బాబాయినీ పరీక్షల విభాగానికి పంపారు. బాబాయి నిన్ననే చేరాడు. ఆమెకు ఈ సాయంత్రం అయిదింటిదాకే గడువు. కొత్త లాప్‌టాప్‌ను క్యాంపస్ వైఫైకి కలిపి, చేరినట్టు అందులో నమోదు చేసుకోవాలి. లేకపోతే ఉద్యోగం లేనట్టే.

నాలుగుంపావుకు పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే తెరమీద చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో నెట్‌వర్క్ గుర్తింపుగా అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస. కింద ఒక ప్రశ్న: ఈ నెట్‌వర్క్‌ను నమ్ముతున్నారా? అవునంటేనే పాస్‌వర్డ్ అవతలికి వెళ్తుంది.

“అవును కొట్టమ్మా! నీ ఆస్తేమన్నా రాయించుకుంటోందా?” అన్నాడు పక్క బల్ల దగ్గర సూపరింటెండెంటు. “పొద్దున నేను కొట్టలా? చచ్చానా?”

కంప్యూటర్ సెంటరు ఇచ్చిన కాగితంలో అసలు నెట్‌వర్క్ వరుస అచ్చయి ఉంది. రెండూ ఒకటైతేనే నొక్కాలని కింద సన్నటి అక్షరాలు. సన్నటి అక్షరాలు చదవడమే ఆమె బతుకు.

“బాబాయ్, కాస్త పైకి చదువుతావా?”

ముద్రణాలయంలో అదే పద్ధతి. ఒకరు చదవాలి, ఒకరు వేలు పెట్టి చూడాలి. బాబాయి కాగితం అందుకున్నాడు, ఆమె తెరమీద వేలు పెట్టింది.

“ఏడు, సి. రెండు, తొమ్మిది...”

“ఆగు బాబాయ్. ఒక్కటీ కలవట్లేదు.”

“వేరే వరస చూస్తున్నావేమో అమ్మాయ్.”

మళ్లీ చదివారు. మళ్లీ కలవలేదు.

“ప్రూఫక్క వైఫైకి కూడా ప్రూఫు దిద్దుతోందర్రా!” సూపరింటెండెంటు మాటకు గదంతా నవ్వింది. “నాలుగూ నలభై. అయిదు దాటాక నన్ను బతిమాలి లాభం లేదు.”

నొక్కితే ఏమవుతుందో తెలియదు. నొక్కకపోతే ఏమవుతుందో బాగా తెలుసు. ఆమె తెరమీది వరుసను చీటీ మీద రాసుకుని కింది అంతస్తుకు దిగింది.

కంప్యూటర్ సెంటరులో ఇంజినీరమ్మాయి చీటీ చూసి లేచి నిలబడింది.

“ఇది మాది కాదండీ. మా పేరు పెట్టుకుని ఎవరో దొంగ నెట్‌వర్క్ నడుపుతున్నారు. మీరు అవును నొక్కారా?”

“లేదమ్మా.”

“మీ గదిలో ఇంకెవరైనా? నొక్కి ఉంటే ముందు పాస్‌వర్డ్ మార్చుకోమనండి.”

ఆమె గబగబా వెనుదిరిగింది. మెట్లెక్కుతుంటే తన అడుగుల చప్పుడు వెనక ఎవరో వస్తున్నట్టు వినిపించింది.

“చేరావా?” అన్నాడు సూపరింటెండెంటు.

“సార్... పొద్దున మీరు నొక్కింది అసలుది కాదట. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికో పోయింది. ముందు మార్చుకోమంటున్నారు.”

విద్యార్థుల మార్కులన్నీ తెరుచుకునేది ఆ ఒక్క పాస్‌వర్డ్‌తోనే. ఆయన ముఖం తెల్లకాగితమైంది. “ఇంకెవరు కొట్టారు?” అని ఆయన అడిగితే, అప్పటిదాకా నవ్వినవాళ్ల చేతులు ఒక్కొక్కటే పైకి లేచాయి. బాబాయి చెయ్యి అన్నిటికన్నా ఆఖర్న లేచింది.

ఫోన్లు మోగాయి. ఎవరో వైర్లు పీకేశారు. అయిదు ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు, ఆమె తప్ప. తను చేరినట్టో చేరనట్టో అడగాలని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఇంకో ఫోను మోగింది.