నీలం తుపాకీ ఆట, మా అత్త జీడిపిక్కలు

నాకు ఇరవై రెండేళ్ళున్న ఆ రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. డిగ్రీ మూడేళ్ళూ కాలేజీలో కన్నా నర్సీపట్నం బస్టాండు వెనక ఉన్న నెట్ సెంటర్లోనే ఎక్కువ చదువుకున్నవాణ్ణి కాబట్టి, వీడియో గేముల విషయంలో నాతో వాదించాలంటే మా స్నేహితులు కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకునేవారు. ఏ ఆటలో ఏ తుపాకీలో ఎన్ని గుళ్ళు పడతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. (మా నాన్నగారు లేపి అడిగే ప్రశ్న వేరు. "ఉద్యోగం సంగతేటి సేసేవురా?" దానికి మాత్రం పూర్తి మెలకువలో కూడా నా దగ్గర జవాబు ఉండేది కాదు.) అలా అడిగి అడిగి విసుగొచ్చి, ఆయన రోలుగుంటలో తన స్నేహితుడి ఎరువుల దుకాణంలో నాకో కుర్చీ ఖాయం చేసేశారు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక వెబ్‌సైటు ఎడిటర్ గారు ఫోన్ చేశారు. తెలుగులో గేముల గురించి రాసే మనిషి కావాలట. కొత్తగా వచ్చిన ఒక ఆట మీద సమీక్ష రాసి సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపితే, అది నచ్చితే, ఉద్యోగం. మా నాన్నగారు పెద్ద మనసు చేసుకుని, "సరే, సోమారం దాకా సూస్తాను. ఆ తరవాత నువ్వూ, నీ యూరియా బస్తాలూ" అన్నారు.

ఆ ఆట అసలు పేరు చెప్పను, ఆ కంపెనీ వాళ్ళతో నాకెందుకు గానీ, మేమందరం దాన్ని నీలం తుపాకీ ఆట అనేవాళ్ళం. ఎప్పుడో రాబోయే కాలంలో, ఇనప కవచం తొడుక్కున్న సైనికుడొకడు నీలంగా మెరిసే తుపాకీ పట్టుకుని గ్రహం తరవాత గ్రహం తిరుగుతూ గ్రహాంతరవాసుల్ని కాలుస్తూ పోతాడు. అది విడుదల కావడానికి ఏడాది ముందు నుంచీ ప్రకటనలతో ఊదరగొట్టేశారు. పన్నెండు గ్రహాలన్నారు. శత్రువులకి సొంత బుర్ర ఉంటుందన్నారు. ఇంత ఆట మళ్ళీ పుట్టదన్నారు. మేం అన్నీ నమ్మాం. దాన్ని ఆడాలంటే మాత్రం మామూలు కంప్యూటర్ చాలదు. మా ఊళ్ళో అంత దమ్మున్న కంప్యూటర్ నాకు తెలిసి ఒక్కటే, అది ఫొటో స్టూడియో నడిపే మా బావ ఇంట్లో ఉండేది. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేయడానికి కొన్నాడు. ఆ శనివారం, ఆదివారం రెండూ మంచి ముహూర్తాలు కావడంతో బావ కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకి పోయాడు. నేను అతని కుర్చీలో కూర్చున్నాను.

శనివారం పొద్దున్న ఒక్క గ్రహం ఆడాను. రెండు గంటలు పట్టింది. అబ్బ, ఏం చెప్పను! ఆకుపచ్చ కొండలు, ఆకాశంలో రెండు చందమామలు, నీలం గుండు తగలగానే రంగు పొడిలా రాలిపోయే శత్రువులు. నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఊపులోనే కూర్చుని సమీక్ష రాసిపడేశాను. "ఇకపై తుపాకీ ఆటలన్నింటినీ దీనికి ముందు, దీనికి తరువాత అని విడదీసి చెప్పుకోవాలి" అన్నాను. "పన్నెండు గ్రహాలూ పన్నెండు మహాకావ్యాలు" అని కూడా అన్నాను. (చూసింది ఒకటే. మిగతా పదకొండూ నమ్మకం మీద.) పంపిన పావుగంటకే ఎడిటర్ గారి దగ్గర్నుంచి మెయిల్: "బాగుంది. సోమవారం పెట్టేద్దాం. ఆట మొత్తం ఆడావుగా?" నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఆడాను సార్" అని కొట్టేశాను. ఆ వయసులో మన వేళ్ళు మనకన్నా చురుగ్గా ఉంటాయి.

ఈ సంతోషం ఎవరితోనైనా పంచుకోకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది. ఇంట్లో ఉన్నది మా అత్త ఒక్కర్తే. మా మేనమామ భార్య, బావకి తల్లి. ఆమె జీడిపిక్కల వ్యాపారం చేసేది. చుట్టుపక్కల తోటల వాళ్ళు తెచ్చిన పిక్కలు కొని, ఎండబెట్టి, ఫ్యాక్టరీకి పంపేది. నేను వరండాలోకి వెళ్ళేసరికి కోటవురట్ల వైపు నుంచి వచ్చిన ఒక రైతు బస్తా మూతి విప్పి నిలబడ్డాడు. "సూడండమ్మా, ఎంత నిగనిగలాడతన్నాయో!" అంటున్నాడు. "పైన నిగనిగలాడకపోతే మూతెందుకు ఇప్పుతావులే" అని, అత్త మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి ఒక గుప్పెడు తీసింది. తరవాత నడుమ నుంచి ఒక గుప్పెడు, పైనుంచి ఒక గుప్పెడు. మూడూ విడివిడిగా పోసి, కత్తితో ఒక్కొక్క పిక్కనీ రెండు చెక్కలు చేసి పప్పు చూడటం మొదలుపెట్టింది. నేను ఆమె పక్కన స్టూలు వేసుకుని, నా సమీక్షని గొంతు సవరించుకుని మరీ చదివాను. రైతు నోరు తెరుచుకుని విన్నాడు. అత్త మాత్రం తల ఎత్తకుండా పిక్కలు కోస్తూనే ఉంది.

చదవడం అయ్యాక అంది. "బాగా రాసేవురా. పన్నెండు గ్రహాలూ తిరిగొచ్చీసేవా?"

"ఆఁ... అంటే..."

"నువ్వు పొద్దున టిపినీ తిని కూకున్నావు. ఇంకా బోయినాల యేళ కాలేదు. ఏటికొప్పాక ఎల్లి రావడానికే పూట పడతాది కదరా, పన్నెండు గ్రహాలూ ఇంత బేగి ఎలా తిరిగేవు?"

మొదటిది చూస్తే మిగతావి తెలిసిపోతాయి అత్తా, పెద్ద కంపెనీ అత్తా, లోకమంతా మెచ్చుకుంటోంది అత్తా అని నీళ్ళు నమిలాను. అత్త అప్పుడు తలెత్తి, నన్ను కాదు, ఆ రైతుని చూసి నవ్వింది. "ఇన్నావా? మావోడు కూడా నీ పార్టీయే." రైతు నా వైపు ఎంతో ఆత్మీయంగా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. రోషం వచ్చి, "రా అత్తా, నువ్వే వచ్చి చూడు. పన్నెండూ మొదట్నుంచీ ఆడి చూపిస్తాను" అని మళ్ళీ కంప్యూటర్ ముందు కూలబడ్డాను. అత్త నిజంగానే పిక్కల బుట్ట, కత్తి తెచ్చుకుని నా వెనకాల పీట వేసుకుని కూర్చుంది.

ఆ శని, ఆదివారాల్లో నవ్వినంతగా నా జీవితంలో ఇంకెప్పుడూ నవ్వలేదు. మా సైనికుడి వెంట ఒక మరమనిషి తిరుగుతూ ఇంగ్లీషులో ఏదో ఒకటి వాగుతూ ఉండేవాడు. "ఆ డబ్బాగాడు ఏటంటన్నాడ్రా?" అని అడిగేది అత్త. "ముందు శత్రువులున్నారు, జాగ్రత్త అంటున్నాడత్తా." "అందర్నీ సంపేక సెప్తన్నాడేటి? ఈడికి జీతమెవుడిస్తన్నాడు?" ఇక సొంత బుర్ర ఉందన్న శత్రువుల సంగతి. మూడో గ్రహానికే అత్త వాళ్ళ గుట్టు పట్టేసింది. ప్రతివాడూ ఒక రాతి పెట్టె వెనక నక్కి, మూడు లెక్కపెట్టేసరికి తల బయట పెడతాడు. ఆమె కత్తి ఆడిస్తూనే "ఒకటి, రెండు, మూడు, లెగు!" అనేది. వాడు లేచేవాడు. నేను కాల్చేవాణ్ణి. "లెగు!" ఇంకోడు. కాసేపటికి అత్త స్క్రీను వైపు చూడటం కూడా మానేసి, పిక్కలు కోస్తూనే వరసగా శత్రువుల్ని లేపుతోంది. "ఈల్లకి బుర్రుందని రాసీసేవు కదరా పేపర్లో!" అని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ ఆగలేదు. అయిదో గ్రహంలో దిగగానే మరో దెబ్బ. "ఆగరా, ఈ కొండ పొద్దున సూసేం. అప్పుడు ఆకుపచ్చ సీర కట్టుకున్నాది, ఇప్పుడు ఎర్ర సీర కట్టింది, అంతే." పోల్చి చూస్తే ఒక్క రాయి కూడా తేడా లేదు. నా మహాకావ్యాలు అలా ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం ఏడో గ్రహం వచ్చింది. దాని గురించి ఏ ప్రకటనలోనూ లేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్కడ శత్రువులు లేరు. డబ్బాగాడు కూడా నోరు మూసుకున్నాడు. నల్లటి నీళ్ళ మైదానం, అందులోంచి చినుకులు ఒక్కొక్కటే లేచి ఆకాశంలోకి పోతున్నాయి. వాన కింది నుంచి పైకి కురుస్తోంది. నేను అలవాటుగా తుపాకీ ఎత్తాను. "కాల్సకు. ఉండు" అంది అత్త. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. ఇద్దరం అలాగే చూస్తూ ఉండిపోయాం. నా చేతికింద ఉన్నది ఆట అన్న సంగతే మరిచిపోయాను. చాలాసేపటికి అత్త, "ఇంత బాగున్నాది, దీని గురించి ఎవుడూ సెప్పలేదేటిరా?" అంది. నేను కూడా చెప్పలేదు కదా.

ఇక పన్నెండో గ్రహం. శత్రువుల రాజు, అంత పెద్ద రాక్షసుడు, తన సింహాసనం వెనక గోడలో సగం ఇరుక్కుపోయి బయటికి రాలేక గింజుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడి, పాపం అనుకుంటూనే కాల్చి చంపాను. వెంటనే తెర నల్లబడి, మిగతా కథ రెండో భాగంలో అని అక్షరాలు పడ్డాయి. అత్త బుట్టలో అడుగున మిగిలిన పిక్కని కోసి, నల్లబడిన పప్పు నాకు చూపించి, "పుచ్చు" అంది. పిక్క గురించో, ఆట గురించో నేను అడగలేదు.

"ఇప్పుడు ఆ ఎడిటర్ బాబుకి ఫోన్ సెయ్యి" అంది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "పిచ్చా అత్తా? నచ్చిందన్నారు. ఉద్యోగం వచ్చేసినట్టే. మొత్తం ఆడానని కూడా చెప్పేశాను. ఇప్పుడు కాదంటే రేపట్నుంచి నేను యూరియా బస్తాలు మొయ్యాలి!"

"ఇను. మా యాపారంలో సరుకు లాటు బండెక్కీసినాక తప్పు తెలిసిందనుకో, అవతలోడు కాటా ఎక్కించకముందే మనవే సెప్పీసుకోవాల. ముందు సెప్తే పొరపాటు. కాటా ఎక్కినాక తెలిస్తే దొంగతనం. నీది కాటా రేపు కదా? ఇంకా టైమున్నాది, సెయ్యి."

చేశాను. అత్త చేతులకి పిక్కల జీడి రసం అంటి ఉండటంతో నన్నే స్పీకర్ పెట్టమంది. ఎడిటర్ గారు హలో అనగానే మొదలుపెట్టాను. "సార్... అదే సార్... నిన్న పంపాను కదా సార్..." అంటున్నానే గానీ ముందుకి పోవడం లేదు. అత్త ఇక లాభం లేదనుకుని ఫోన్ దగ్గరికి వంగింది. "నమస్కారం బాబూ. మావోడు నిన్న పంపిన లాటు ఎనక్కి పంపించీయండి. పై గుప్పెడే సూసి పంపీసేడు."

ఎడిటర్ గారు తేరుకుని అడిగారు. "ఎవరండీ మీరు?"

"నాను ఆడి అత్తనండి. జీడిపిక్కలు కొంటాను."

"మీకు... ఈ ఆట తెలుసా అమ్మా?"

"రెండ్రోజులు సూసేనండి. పైన బంగారం. నడుమ ఓ కాడ వానున్నాది, అది మట్టుకు సూసి తీరాలండి. అడుగంతా పుచ్చు."

ఎడిటర్ గారు నన్ను మాట్లాడమన్నారు. "మొత్తం ఆడానని నాకు అబద్ధం రాశావన్నమాట" అన్నారు. అవును సార్ అన్నాను. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఉద్యోగం సంగతి మరిచిపో. రేపు పన్నెండులోగా కొత్తది పంపు, బాగుంటే వేస్తాను, అంతే" అని పెట్టేశారు. నేను అత్త మీద కస్సుమన్నాను. ఆమె ఏమీ అనుకోకుండా నాకు రెండు పెసరట్లు వేసి పెట్టింది. (కోపంలో కూడా రెండూ తిన్నాను. మూడోది కూడా అడిగాను.)

సోమవారం పొద్దున్న కూర్చుని, పై గుప్పెడు, నడుమ గుప్పెడు, అడుగు గుప్పెడు అని మూడు భాగాలు చేసి, అత్త అన్న మాటలన్నీ కాస్త గ్రాంథికం పూసి రాసి పంపాను. అది సైట్లో పడ్డాక చూడాలి తిట్లు! ఆ ఆట అభిమానులు నన్నూ, నా చదువునీ, నా పుట్టుకనీ దేన్నీ వదలలేదు. నేను ముఖం చెల్లక ముసుగుతన్ని పడుకున్నాను. అత్త మాత్రం అవన్నీ పైకి చదివించుకుని, "ఇంతమంది సదివేర్రా!" అని మురిసిపోయింది. మా నాన్నగారు రోలుగుంట బస్సు టైములు కనుక్కోవడం మొదలుపెట్టారు. గురువారం ఎడిటర్ గారి ఫోన్ వచ్చింది. "నిన్ను ఇంతమంది తిట్టారు కదా, ఆ చివరి గ్రహం నువ్వు చెప్పినట్టు లేదని ఒక్కడైనా అన్నాడా? నాకు కనబడలేదు. ఒకటో తారీఖున వచ్చి చేరు. అబద్ధం ఇంకోసారి చెప్పావంటే మాత్రం మీ అత్తగారికే ఉద్యోగం ఇస్తాను." ఈ మాట చెప్పగానే అత్త కాళ్ళ దగ్గర బుట్ట తన్నేసి లేచింది. చేతులకి జీడి, ముట్టుకుంటే నా ఒళ్ళు పొక్కుతుంది. అందుకని రెండు చేతులూ దూరంగా చాపి, తన తలతో నా భుజాన్ని గట్టిగా ఢీకొట్టింది. అంత సంతోషం నాకు ఆ తరవాత ఏ అవార్డు వచ్చినా కలగలేదు. (ఇంతవరకూ ఒక్కటీ రాలేదు, అది వేరే విషయం.)

అప్పట్నుంచీ ఇదే నా బతుకుతెరువు. ఏ ఆట అయినా అడుగుదాకా ఆడి, ఆచితూచి రాస్తాను. నన్ను నమ్మేవాళ్ళు కొందరు ఏర్పడ్డారు, అబద్ధం రాశానని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. అయితే మొన్న పాత మెయిళ్ళు వెతుకుతుంటే ఆ శనివారం పంపిన మొదటి సమీక్ష కనబడింది. చదువుతూ ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. అందులో ఒక్క మాటా నిజం కాదు. కానీ దాన్ని రాసిన కుర్రాడి సంతోషం ఉంది చూశారూ, అది మాత్రం అణువణువూ నిజం. రెండు చందమామల్ని చూసి ఏడ్చినవాడు వాడు. ఇప్పుడు నేను ఏ ఆకాశం చూసినా ముందు అతుకులెక్కడున్నాయా అని వెతుకుతాను. నా సమీక్షలన్నీ ఒకచోట పెట్టి, వాటిలో ఏది దాచుకుంటావని అడిగితే, ఎవరికీ చెప్పకండి గానీ, ఆ పనికిమాలినదే దాచుకుంటాను.