దమ్మున్న రామ్‌చందర్ మాస్టారు

మా రామ్‌చందర్ మాస్టారు నడవరు. ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి పరుగెత్తుతారు, నాలుగు నిమిషాలు నిలబడతారు, మళ్ళీ పరుగెత్తుతారు. చండ్రుగొండలో పాలకు వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా ఇదే వరుస. మెడలో ఈల, చేతికి గడియారం, వయస్సు అరవై ఆరు. బడిలో ఆయన వ్యాయామోపాధ్యాయులు, నేను తెలుగు పండితుణ్ణి. ఇరువురమూ పదవీ విరమణ చేసినవారమే. ఆ సంగతి ఆయన కాళ్ళకు మాత్రం తెలిసినట్లు లేదు.

ఒకనాడు పెండ్లి ఊరేగింపు ఎదురైంది. మాస్టారు ఈల ఊది, దూసుకుపోయి, విరామం రాగానే సరిగ్గా బాజాల నడుమ నిలిచిపోయారు.

"సారూ, జర జరుగుర్రి! ముహూర్తం దాటుతాంది!"

"ఇంక రెండు నిమిషాలున్నయి."

పెండ్లికొడుకు ఆగాడు.

టీకొట్టు పగిడయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఏంది సారూ గిట్ల ఉరుకుడు? మెల్లగ గంట నడిస్తే సరిపోదా?"

"గంట టైము అందరికి యాడ దొరుకుతది? కండలల్ల కంటికి కనబడని పొయ్యిలుంటయి పగిడయ్యా. పానం బెట్టి ఉరికితే దాచుకున్న చక్కెర జల్దీ మండుతది. రేపు గూడ గిట్లనే ఉరకాల్నేమోనని కండ భయపడి ఇంకిన్ని పొయ్యిలు పెట్టుకుంటది. గప్పుడు దూరం ఉరికినా అలుపు రాదు. నెలదినాలల్ల నాకు దమ్ము ఎంత పెరిగిందో సూడు!"

"నా ఒక్క పొయ్యికే గ్యాసు దొరుకుతలేదు సారూ!"

పగిడయ్య మాస్టారి చివరి మాట మాత్రమే ఊరంతా చాటాడు: సారుకు దమ్ము పెరిగింది. మా వైపు దమ్మంటే సత్తువా అవుతుంది, ఉబ్బసమూ అవుతుంది. అడవి అంచు పల్లె నుండి మిరప కోతకు వచ్చే ముత్తక్కకు రెండవ అర్థమే వినబడింది. మరునాడు తెల్లవారగానే సీసాడు అడ్డసరం ఆకు కషాయంతో వచ్చింది.

ముత్తక్క కూతురు సుజాత కానిస్టేబుల్ ఉద్యోగానికి తొలి రాతపరీక్ష నెగ్గింది. ఇక ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తి చూపాలి. ఒకేఒక్క రోజు బజారులో పరుగెత్తగా జనం నవ్వారు. తల్లి కట్టడి చేసింది. పైగా కూలీల ఆటో వచ్చే లోపల ఆ పిల్లకు దొరికేది అరగంట మాత్రమే.

దమ్ము శబ్దానికి గల నానార్థములు వివరింపబోయాను. మాస్టారు నా కాలు తొక్కారు.

"అవ్ ముత్తక్కా, దమ్మే! డాక్టరేమో ఉరకమన్నడు. ఒక్కణ్ణే ఉరికితే యాడన్న పడిపోత. పొద్దుగాల అరగంట నీ బిడ్డను తోడు పంపరాదూ?"

"అయ్యో, సారు పానంకన్న ఎక్కువనా! పంపుత. మందు మాత్రం నా కండ్ల ముంగటే తాగాలె."

తాగారు. ఆయన ముఖం ఎనిమిది వంకరలు పోయింది. అది మొదలు రెండు నెలలు ఈల, పరుగు, విరామం, కషాయం. వర్షం పడినా మానలేదు. ముందు మాస్టారు, వెనుక సుజాత. వారం తిరగకుండానే ముందు సుజాత, చాలా వెనుక మాస్టారు.

ఖమ్మం మైదానంలో పరుగు పరీక్ష చివరి వంద మీటర్లకు తక్కినవారి కాళ్ళు బరువెక్కగా, సుజాత కాళ్ళలోని కొత్త పొయ్యిలన్నీ ఒక్కమారు రాజుకొన్నాయి. నెగ్గింది. కంచె ఇవతల మాస్టారు ఈల ఊది ఊది, పోలీసుల చేత చీవాట్లు తిన్నారు.

మరునాడు ఆయన బజారులో నడుస్తూ కనబడ్డారు. అదీ కుంటుతూ!

"మాస్టారూ, ఈల ఏదీ?"

"సుజాతకిచ్చిన."

"మరి మీ పొయ్యిల సంగతి?"

"నాకెందుకు పంతులూ పొయ్యిలు? మోకాలరిగి మూడేండ్లాయె. ఆ పిల్లను జూసి నవ్విండ్రు గదా, మర్నాడే నేను మొదలుపెట్టిన. నెలదినాలు నన్ను జూసి నవ్వి నవ్వి అలిసిపోయిండ్రు. ఆమె ఉరికేటాళ్లకు నవ్వుతందుకు ఎవ్వనికి దమ్ము మిగల్లే!"

నేను బదులు వెదుక్కొనే లోపల ముత్తక్క సీసాతో వచ్చింది. "సారూ, దమ్ము తగ్గిందా?"

"నీ మందుతోనే తగ్గింది ముత్తక్కా. గని ఈ పంతులుకు అంటుకున్నట్టుంది. నోట మాట వస్తలేదు సూడు!"

ఆమె జాలిగా గ్లాసు నింపింది. మాస్టారి గుట్టు దాచడానికి అందుకొన్నాను. ఒక్క గుటక మింగి, పగిడయ్య కుండలోని నీళ్ళ కోసం జీవితంలో తొలిసారి పరుగు లంకించుకొన్నాను.

వెనుక నుండి మాస్టారి కేక వినబడింది: "ముప్పై సెకన్లే పంతులూ! ఆగు!"