శనివారం దాకా పలకకూడని డోలక్

మల్లయ్య మీద నాకు అనుమానం ఇవాళ్టిది కాదు. ఇరవై ఏళ్ల వయసులో బొంబాయి మట్టిపనికి ట్రంకు పెట్టెతో వెళ్లినవాడు, ట్రంకు లేకుండా ఒక్క డోలక్ భుజాన వేసుకొని దిగినప్పుడే మొదలైంది. ట్రంకు రైల్లో పోయిందన్నాడు. ట్రంకు పోయినప్పుడు డోలక్ ఎందుకు పోలేదో ఇంతవరకూ చెప్పలేదు.

బిజినేపల్లి దాపున మా ఊరి కతోలిక గుడికి నలభై రెండేళ్లుగా ఆ డోలకే దిక్కు. పొద్దంతా పత్తి చేలల్లో కూలి, పొద్దుగూకితే పాటల సాధన. ఈస్టరుకు ఆయన కొట్టే దెబ్బకు కుంట మీది కొంగలు మూడు రోజులు ఇటు రావని ఊళ్లో అంటారు. మొదట అన్నది నేనే. ఇప్పుడు అందరూ అంటారు.

పవిత్ర గురువారం సాయంత్రం పూజలో మహిమ గీతం పాడుతుంటే గంటలు, హార్మోనియం, డోలక్ అన్నీ ఒక్కసారిగా మోగుతాయి. గీతం అయిందంటే అన్నీ మూగపోవాలి. శనివారం జాగరణ పూజలో మళ్లీ అదే గీతం ఎత్తుకునేదాకా వాయిద్యం ముట్టకూడదు. గంటకు బదులు చెక్కపలక టకటకలాడిస్తారు. సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి, ఈ కట్టుబాట్లు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ ఏడు గురువారం గీతం చివర డోలక్ 'బొద్'మంది. మల్లయ్య నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. కొత్తగా వచ్చిన ఫాదర్ చరణ్ అప్పటికే ఒక రిథమ్ ప్యాడ్ తెప్పించి ఉంచారు. డోలక్ ఇంకోసారి మొరాయిస్తే ఇక ప్యాడే అని చెప్పారు కూడా. మీట నొక్కితే చాలు, అదే వాయిస్తుంది. మల్లయ్య అక్కర్లేదు.

శుక్రవారం పొద్దున సామాన్ల గదిలో డోలక్ లేదు. మల్లయ్యేమో గుండ్రటి గోనెసంచి చంకన పెట్టుకొని వనపర్తి బస్సు ఎక్కాడు. గుడ్ ఫ్రైడే నాడు వేరే సంఘాల చర్చీల్లో వాయిద్యాలతోనే ఆరాధన జరుగుతుంది. ఇంకేం కావాలి? పాటల బృందానికి పెద్దయిన సారమ్మ చెవిన వేశాను.

"మల్లయ్య వనపర్తిల వేరేటోళ్ల చర్చిల డోలక్ కొడుతుండట."

"ఎవరు జెప్పిండ్రన్నా?"

"అందరు అంటుండ్రు."

"అందరంటే నువ్వే గద."

అలా అన్న మనిషే, ఆ రోజు సిలువ మార్గం ప్రార్థన చివరిదైన పద్నాలుగో స్థలం చేరేసరికి సగం ఊరికి చెప్పేసింది.

శనివారం మధ్యాహ్నం మల్లయ్య దిగాడు. గుడి ముందరే ఫాదర్ నిలబెట్టి అడిగారు.

"తోలు చినిగింది ఫాదర్. వనపర్తిల డోలక్‌లు చేసే నాగప్ప తాన కొత్తది ఏపిచ్చిన."

"అయితే ఒక్క దెబ్బ కొట్టి చూపించండి. పలికితే రాత్రికి మీరే."

మల్లయ్య డోలక్‌ను పొట్టకు అదుముకున్నాడు. "ప్రభువు సమాధిల ఉన్నడు ఫాదర్. నేనెట్ల కొడ్త?"

"పలకదు గనకనే గింత భక్తి," అన్నాను నేను, అందరికీ వినబడేంత మెల్లగా.

"నువ్వు జర ఊకో బావా," అన్నాడు మల్లయ్య.

కట్టుబాటు తప్పమని ఫాదరే ఎలా చెబుతారు? ప్యాడ్‌ను తెచ్చి మల్లయ్య పక్కనే పెట్టించారు. మొదటి దెబ్బ పలకకపోతే మీట నొక్కమని సారమ్మకు అప్పగించారు.

ఆ రాత్రి ఏడు పఠనాలు చదివారు. ఒక్కటీ నా తలకెక్కలేదు. కొవ్వొత్తి వెలుగులో మల్లయ్య చేతులే చూస్తూ కూర్చున్నాను. మహిమ గీతం ఎత్తుకున్నారు, గంటలు మోగాయి. మల్లయ్య చెయ్యి లేచింది, గాలిలో ఆగింది. సారమ్మ వేలు మీట మీదికి వెళ్లింది.

అప్పుడు పడింది దెబ్బ. గట్టిగా, కొత్త ఇత్తడి బిందెను తట్టినట్టు. సారమ్మ వేలు తీసేసి గొంతెత్తింది. పీఠం దగ్గర ఫాదర్ అంగీ అంచు తాళానికి ఊగింది. అది గాలికేనని ఆయన ఇప్పటికీ అంటారు. గాలి నాకు తగల్లేదు.

పూజ అయ్యాక మల్లయ్యను ఒక మూలకు లాగాను. "కొట్టి సూడకుండ నీకు గంత ధైర్యం ఏంది?"

"నాగప్ప కొట్టి సూపిచ్చిండు. ఆయన శివయ్యను మొక్కేటోడు, ఆయనకేం కట్టు?"

"నువ్వు ఇన్నవా మరి?"

"ఒక చెవు మూసుకొని ఇన్న. పాపమైతే సగమే బావా. మిగిలింది నాగప్పది."

నాగప్పకు మన పాపం ఎలా అంటుతుందో తేల్చుకుందామని నేరుగా ఫాదర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ప్యాడ్‌ను అట్టపెట్టెలో పెట్టి తాడు కడుతున్నారు. నేను వంగి తాడు రెండో కొస పట్టుకున్నాను.