శెనక్కాయ కట్టె కూరిన టైరు

మా చిన్నప్పుడు... శింగనమల పక్కన మా పుట్టింట్లో, నేను మా అన్న సైకిలు బెల్లు ఒక్కసారి కొట్టాను. మా నాయన నా వీపు మీద ఒకటి కొట్టాడు. అంతే... నా సైకిలు సరదా ముప్పై ఏళ్లు వాయిదా పడింది.

అందుకే నా అసలు చిన్నతనం నలభయ్యో ఏట, తొంభైల చివర్లో మొదలైంది. అప్పటికి మెట్టినిల్లు చిత్రావతి ఒడ్డున ఒక పల్లె. నాకు సైకిలు నేర్పింది నా కూతురు సుజాత... పదమూడేళ్లది.

"అమ్మా, ముందుకు సూడు! కింద ఏముండాదని సూస్తాండావు?" అని అది వెనక నుంచి అరుస్తుంటే, నేను కుచ్చిళ్లు దోపుకుని నేరుగా కంపచెట్లలోకి పోయేదాన్ని. ఎం.ఏ. చదివినదాన్ని. ఆ కంపలోంచి లేచేటప్పుడు డిగ్రీ ఏ మాత్రం సాయం చేయలేదు.

ఎందుకీ అగచాట్లు అంటే... మా ఊరి బడి ఏడో తరగతితో సరి. హైస్కూలు బత్తలపల్లెలో. నది వెంబడి ఎనిమిది కిలోమీటర్లు. బస్సు లేదు. ఉన్నదల్లా మా బావగారు వేసిన రోడ్డు.

బావగారంటే మా ఆయన అన్న. ఊరికి పెద్దమనిషి, రోడ్డుకు కాంట్రాక్టరు. కంకర పరిచాడు, దాని మీద నిలబడి ఫోటో దిగాడు. తారు మాత్రం దారిలో ఎక్కడో తప్పిపోయింది... పాపం, దారి అలాంటిది మరి! ఆ మనిషే అరుగు మీద కూచుని తీర్పు చెప్పాడు.

"ఆ రాళ్లల్లో ఆడపిల్ల ఒక్కతే యెట్ల పోతాది? చదివింది చాలు. ఇంటికాడ కూచోబెట్టు."

"రాళ్లు పోసిందెవురు బావా?"

"మాటకు మాట చెప్పొద్దమ్మీ."

"ఒక్కతే పోదులే. నేనూ పోతా."

"సరే. అది ఒక్కతే పోతా నా కంటబడిన దినం సదువు బందు. ఇనపడిందా?"

మా ఆయన ఆ పూటంతా చాలా శ్రద్ధగా తన గోళ్లు చూసుకున్నాడు.

సైకిలు ఒకటే. ఎత్తు వస్తే సుజాత తొక్కేది, నేను దిగి నడిచేదాన్ని. చదును వస్తే నేను తొక్కేదాన్ని, అది వెనక క్యారియర్ మీద కూచుని పద్యాలు అప్పజెప్పేది. నాకూ బత్తలపల్లెలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పని దొరికింది.

నది అంటే నీళ్లుంటాయనుకునే అమాయకులకు ఒక మాట... మా నదిలో ఇసుక ఉండేది. అక్కడక్కడా తవ్విన చెలమలు, అవతల ఎర్ర గుట్టలు, చక్రం కింద కంకర చప్పుడు తప్ప మరో చప్పుడు లేని పొద్దుటిపూట... ఎదురయ్యేది గొర్రెల మంద ఒక్కటే. అది మర్యాదగా పక్కకు జరిగేది. మా బావకంటే నయం.

అలా మూడేళ్లు గడిచాయి. పదో తరగతి మొదటి పరీక్ష రోజు... సగం దారిలో ముందు టైరు బుస్సుమంది. తుమ్మముల్లు. ట్యూబు చిరిగిపోయింది. గేటు మూయడానికి గంట కూడా లేదు. సుజాతకు ఏడుపు ఒక్కటే తక్కువ.

పక్క చేలో మా బావ శెనక్కాయ కట్టె వామి ఉంది. కాయలు కోసుకున్నాక ఆ చెట్లను ఎండబెట్టి పశువుల మేతకు పేరుస్తారు కదా, అదే. మా వైపు గొర్రెల కాపర్లు ట్యూబు పోతే టైరులో కూరేది ఆ కట్టెనే.

"అమ్మా, అది పెద్దనాయన వామి!"

"ఈ రాళ్లూ ఆయనవే. పెరుకు!"

సీటు కింది సంచిలో ఉన్న పానాతో టైరు విప్పాం. కట్టె మెలేసి, కుక్కి కుక్కి, మళ్లీ రిమ్ములోకి నొక్కాం. తిరిగింది... కానీ ఇద్దరిని మోసే బలం దానికి లేదు.

"నువ్వు పో."

"ఒక్కదాన్నేనా? పెద్దనాయన సూస్తే?"

"సూస్తే సదువు ఆపుతాడు. పోకపోతే ఇప్పుడే ఆగుతాది. పో!"

గరగరమంటూ పోయింది. అది మలుపు తిరిగిందో లేదో, వెనక నుంచి బావ జీపు వచ్చి ఆగింది. ఆయన నన్ను చూడలేదు, వామిని చూశాడు.

"ఏమమ్మీ, ఎనుములు పడినాయా?"

"లేదు బావా. సైకిలు తినింది."

"పాప యాడ?"

"పరీక్షకు పోయింది. ఒక్కతే."

"నేను ఏం చెప్పినా?"

"నువ్వు తారేస్తానని గూడా చెప్పినావు."

జీపు డ్రైవరు స్టీరింగు మీదికి వంగి దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు. బావ జీపు తలుపు తెరిచి "ఎక్కు, దింపుతా" అన్నాడు. వద్దన్నాను. ఆ మనిషి పక్కన కూచోవడం కంటే ఆయన కంకర మీద నడవడమే మేలు.

నాలుగు కిలోమీటర్లు... అది పరీక్ష అందుకుందో లేదో తెలియకుండా నడిచాను. గేటు మూసేసి ఉంది. ఊచల్లోంచి చూస్తే, లోపల గోడవార మా సైకిలు! టైరులోంచి కట్టె మీసంలా బయటికొచ్చింది. ఒక మేక దాన్ని తీరిగ్గా పీకి తింటోంది. నేను ఆ మేకను అదిలించలేదు... తిననీ, పాపం.

ఆ తర్వాత బావ సుజాత చదువు మాట మళ్లీ ఎత్తలేదు.

సుజాత ఇప్పుడు ధర్మవరంలో లెక్కల టీచరు. మొన్న దాని కొడుకు, బెంగుళూరు నుంచి నలుగురు స్నేహితులతో దిగాడు. తలకు టోపీలు, కళ్లకు అద్దాలు, సైకిళ్లకు ముళ్లు దిగినా గాలి పోని టైర్లు. "అవ్వా, నది పక్కన గ్రావెల్ రైడ్... అదే, కంకర దారిలో సైకిలు సవారీ చేద్దామని వచ్చినాం. తారేసి చెడగొట్టేసినారే!" అని వాపోయాడు. మా బావ బతికి ఉంటే ఈ మాటకు శాలువా కప్పించుకునేవాడు. ఆయన ఎగ్గొట్టిన తారుకు ఇంత గిరాకీ వస్తుందని ఎవరనుకున్నారు!

ఇప్పుడు దారి నున్నగా ఉంది. ఆడపిల్లలు వ్యాన్లో కిటికీలు మూసుకుని పోతున్నారు... మంచిదే, ముళ్లు లేవు. కానీ ఎత్తు నీది, చదును నాది అని పంచుకుంటూ ఆ దారిన పోయే తల్లీకూతుళ్లు మాత్రం కనబడరు...

మీలో ఎవరైనా టైరులో గడ్డి కూరి తొక్కారా? తొక్కి ఉంటే ఎక్కడికి చేరడానికో కూడా రాయండి. ఊరికే సరదాకు తొక్కామంటే మాత్రం... మా మనవడికి చెప్పుకోండి.