బాపమ్మ పాట ఆపిన సాయంత్రం

నా చిన్నప్పుడు, నైజాం పోయిన కొత్తలో, కరీంనగర్ పక్క మా పల్లెలో బతుకమ్మ ఆటకు మా బాపమ్మే పెద్ద. బాపమ్మ అంటే మా బాపును కన్న తల్లి. ఆమె పాట ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ అందుకునేవాళ్లు. ఆ గొంతంటే అందరికీ ఇష్టం, ఆ కళ్లంటే హడల్.

మాకు తంగేడు, గునుగు పూలు కోసి తెచ్చేది ఊరవతలి వాడలోని ఒకావిడ. ఆమె కూతురు నా దోస్తు. ఆమె తెచ్చిన పూలు మా బతుకమ్మలన్నిటిలో ఉండేవి, వాళ్ల బతుకమ్మ మాత్రం దూరంగా ఉండాలి. ఇదేం చోద్యమో నాకు అర్థమయ్యేది కాదు. నా దోస్తు పక్కన ఆడాలని ఆ ఏడు బాపమ్మ దగ్గర ఏడ్చి గోల చేశాను.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం బాపమ్మ నేరుగా వాళ్ల దగ్గరికి నడిచింది. “నడుమకు వస్తరా బిడ్డా?” అని అడిగింది.

“పిలిస్తె ఎందుకు రాము అవ్వా!” అంది దోస్తు తల్లి, వెంటనే బతుకమ్మ ఎత్తుకుని.

అందరూ గుసగుసలాడారు. బాపమ్మ కళ్లెర్రజేసి, “గీ బతుకమ్మ ఈడ ఉంటెనే నేను పాట ఎత్తుకుంట” అంది. పక్కింటి పెద్దమ్మ మూతి ముడుచుకుని, తన బతుకమ్మ తీసుకుని ఇంటిదారి పట్టింది. ఇంకొందరు ఆమె వెంట కదిలారు. ఇక ఆట లేనట్టేనని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు బాపమ్మ, అంత పెద్దమనిషి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పెద్దమ్మ వెనకాల ఉరికింది. భుజం మీద చెయ్యేసి, “నువ్వు అందుకోకుంటె నా పాట సాగుతదా బిడ్డా? గా బతుకమ్మ ఆడికెల్లి కదలదు. నిన్ను గూడ కదలనియ్య. పోతె పో, నీ వంతు మలీద ముద్దలు నేనే తింట” అంది. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. గొణుక్కుంటూనే వెనక్కి వచ్చింది. నేనూ నా దోస్తూ గొంతు పోయేదాకా పాడాం. ఒకరిద్దరు రానేలేదు. మర్నాడు వాళ్లిళ్లకు బాపమ్మే రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీద పట్టుకుపోయింది.

“అంత గట్టిగ అన్నవు, మళ్ల ఎనుకెందుకు ఉరికినవే?” అని అడిగాను.

“అనకుంటె నీ దోస్తు దూరంగనే ఉంటుండె. ఉరకకుంటె పెద్దమ్మ దూరమైతుండె. నాకు ఇద్దరూ కావాలె” అంది.

నేను బడిలో పెద్ద పంతులమ్మనయ్యాక గట్టిగా చెప్పాల్సిన మాట ఎన్నడూ మింగలేదు. కానీ చెప్పిన సాయంత్రమే, ఆ మాట తగిలిన వాళ్లింటికి మలీద ముద్దలు పట్టుకుని పోయేదాన్ని. ఇప్పటికీ నా చేతిలో మూట చూస్తే మా కోడలు నవ్వుతుంది, “ఇయ్యాల ఎవరిని తిట్టినవత్తమ్మా?” అని.