గోళీ పోయిన వైపు కాలు

మా చిన్నాయన కూతురు విమానం నడపడం నేర్చుకుంటోందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. నాకంటే రెండేళ్లు చిన్నది. బడిలో లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. పదో తరగతి కాగానే ఆమె వనపర్తిలో కాలేజీకి పోయింది, నేను గద్వాలలో మా ఇంటి మగ్గం గుంటలో కూర్చున్నాను.

పోయిన ఎండాకాలం సెలవుకు మా ఇంటికొచ్చింది. ఇంట్లోనే తెర మీద విమానం నడిపి సాధన చేయడానికి ల్యాప్‌టాప్, కాళ్లతో తొక్కే రెండు పెడళ్లు తెచ్చుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి ఆమెతో ఫొటోలు దిగారు. ఆ ఫొటోలు తీసింది నేనే.

మూడో రోజు మధ్యాహ్నం ముఖం మాడ్చుకుని కూర్చుంది. తెర మీద వంపు తిరిగిన గాజు గొట్టం, అందులో నల్ల గోళీ. విమానం మలుపు తిరిగినప్పుడల్లా గోళీ నడుమ నుంచి జారిపోతోంది.

"ఏందది?" అన్నాను.

"మలుపు సక్కగ తిరుగుతున్నమా లేదా చెప్తదక్కా. విమానం ఎడమకు వంచి, ఎడమ కాలు తక్కువ తొక్కితే గోళీ మలుపు లోపలికి జారుతది. ఎక్కువ తొక్కితే తోక బయటికి పోతది, గోళీ గూడ బయటికే పోతది. అదెటు పోతే అటు కాలు తొక్కాలె. మా సారు రోజూ తిడ్తుండు."

"జర నన్ను కూసోనియ్యి."

నవ్వుతూ లేచింది. మలుపు తిప్పాను. గోళీ ఎడమకు కదలగానే ఎడమ కాలు మెల్లగా ఒత్తాను, నడుమకొచ్చింది. ఏళ్ల తరబడి మగ్గం తొక్కిన కాళ్లు నావి. ఎంత బరువు వేయాలో వాటికి తెలుసు. నాలుగు మలుపుల్లోనూ గోళీ పెద్దగా కదల్లేదు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎట్ల తొక్కినవక్కా? నాకు నేర్పియ్యి."

"నాకేం తెల్వదు. గట్లనే అయింది."

అబద్ధమాడాను. గోళీ చివరి దాకా పోయాక ఆమె ఒక్కసారిగా తన్నుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. రెండు రోజులు ఆమె అవస్థ చూస్తూ లోలోపల సంతోషించాను.

వెళ్లే ముందు రోజు సంచి సర్దుకుంటూ కళ్లు తుడుచుకుంది. అప్పుడు నావల్ల కాలేదు.

"కదలంగనే ఒత్తు, చెల్లె. మెల్లగ. నువ్వు ఆలస్యంగ తంతున్నవ్."

మళ్లీ అన్నీ బయటికి తీసి ప్రయత్నించింది. ఐదోసారికి కుదిరింది. నన్ను గట్టిగా పట్టుకుంది.

వారం తర్వాత ఫోను చేసింది. "సారు ఇయ్యాల తిట్టలేదక్కా!"

"మంచిగైంది," అన్నాను. నిజంగానే అన్నాను. కానీ విమానంలోంచి తీసి పంపిన వీడియోను మాత్రం మరునాటి దాకా తెరవలేదు.